విశాఖ మట్టి పరీక్ష

మట్టి పరీక్ష అనగానే మన రైతులకు ముందుగా తోచేది ఎరువుల మాట. పొలంలో అయిదారు చోట్ల త్రవ్వి తీసిన మట్టిని ఒక గోనెపట్టా మీద కలిపి, అందులో నుంచి అరకిలో మట్టిని గుడ్డసంచిలో కట్టి పంపితే, ప్రయోగశాలవారు భాస్వరం ఎంత ఉన్నదో, పొటాషియం ఎంత ఉన్నదో, ఏ ఎరువు ఎంత వేయవలెనో చీటీ మీద వ్రాసి ఇస్తారు. ఆ చీటీలో కనిపించని ప్రశ్న ఒకటి ఉన్నది. మట్టిలో ఉండవలసినవి ఉన్నాయా అని కాక, ఉండకూడనివి ఏమైనా వచ్చి చేరినాయా అనేది ఆ ప్రశ్న. పైరు ఏపుగా పెరిగిన చేనులో కూడా దీనికి జవాబు చేదుగా ఉండవచ్చు. కాడ్మియం వంటి లోహం మొక్కకు పెద్దగా హాని చేయకుండానే గింజలోనికి ఎక్కుతుంది. పైరును చూచి దానిని కనిపెట్టడం సాధ్యం కాదు.

ఈ రెండు ప్రశ్నలకూ వేరువేరు చరిత్రలు ఉన్నాయి. మొదటిది పొలంలో పుట్టినది, రెండవది కర్మాగారం ప్రక్కన పుట్టినది. ఇవి రెండూ ఎదురుపడిన ఊళ్ళలో విశాఖపట్టణం ఒకటి.

రసాయన శాస్త్రం రాకముందు కూడా మట్టికి పరీక్షలు లేకపోలేదు. కన్ను రంగును చూచేది, వ్రేళ్ళు జిగటను చూచేవి, నాలుక ఉప్పును చూచేది. ఎర్రనేల, నల్లరేగడి, గరపనేల, చవుడు అనే పేర్లన్నీ ఈ పరీక్షల ఫలితాలే. వీటిలో చవుడును గుర్తించడం ఒక విధంగా కాలుష్య పరీక్ష అనే చెప్పాలి. పైరుకు గిట్టనిది నేలలో ఎక్కువైనదని అది తెలుపుతుంది. రైతుకు దోషమైన ఆ చవుడు మట్టినే చాకలివారు ఏరి తెచ్చుకొని బట్టలు ఉతకడానికి వాడుకొనేవారు. ఒకే మట్టి ఒకరికి నష్టం, మరొకరికి సరుకు. మద్రాసు రాజధానిలోని రయత్వారీ గ్రామాలలో శిస్తు నిర్ణయించడానికి వచ్చిన సర్కారు ఉద్యోగులు కూడా ఇంచుమించు ఇదే పద్ధతిలో రంగును, బంకను చూచి భూములకు ‘తరం’ కట్టారు. అది పన్ను వసూలుకు చేసిన ఏర్పాటు.

1889లో జాన్ అగస్టస్ వోల్కర్ అనే వ్యవసాయ రసాయనికుడు ఇంగ్లండు నుండి వచ్చి ఏడాదికి పైగా దేశమంతా తిరిగి, మన సేద్యాన్ని గురించి 1893లో ఒక నివేదిక ప్రకటించాడు. ఆ రోజులలోనే భారత ప్రభుత్వానికి వ్యవసాయ రసాయనికుడుగా లెదర్ అనే ఆయన నియమితుడైనాడు. ఒండ్రు, నల్లరేగడి, ఎర్రనేల, లాటరైటు అని మన దేశపు నేలలను నాలుగు పెద్ద జాతులుగా విడదీసినది ఆయనే. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1955–56 ప్రాంతంలో, అమెరికా సహకారంతో దేశంలో 24 మట్టి పరీక్షా ప్రయోగశాలలు నెలకొన్నాయి. ఆహార ధాన్యాల కొరత తీవ్రంగా ఉన్న రోజులవి. ఆ ప్రయోగశాలలు పంట పెంచడానికే పుట్టాయి. వాటిని నిందించవలసిన పని లేదు. అడిగిన ప్రశ్నకు అవి చక్కగా జవాబు చెప్పాయి.

2015లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన భూసార పత్రాల పథకంలో పరీక్షించే అంశాలు పన్నెండు. వాటిలో జింకు, అనగా తుత్తునాగం, ఒకటి. కాని అక్కడ జింకును వెదికేది అది చాలినంత లేదేమోనని. వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తే జింకు లోపమని రైతుకు తెలుసు. అందుకోసం చేసే పరీక్షను అమెరికాలోని కొలరాడోలో లిండ్సే, నార్వెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రూపొందించి 1978లో సంపూర్ణంగా ప్రకటించారు. లోహాన్ని పీత తన గోళ్ళతో పట్టుకొన్నట్లు పట్టుకొనే డి.టి.పి.ఏ. అనే పదార్థపు ద్రావణంలో మట్టిని రెండు గంటలు కుదిపితే, వేరుకు అందగల జింకు మాత్రమే ద్రావణంలోనికి వస్తుంది. ఆ ప్రకటనకు ఒక ఏడాది ముందు, 1977లో, విశాఖపట్టణం ప్రక్కన మింది వద్ద హిందుస్థాన్ జింక్ సంస్థ కర్మాగారంలో జింకు తయారు కావడం మొదలైనది. జిల్లాలో ఒక మూల జింకు చాలదని మట్టిని పరీక్షిస్తూ ఉంటే, మరొక మూల అదే జింకు ఎక్కువైనదా అని పరీక్షించవలసిన కాలం అప్పుడు వచ్చినది.

విశాఖపట్టణంలో ఈ రెండవ పరీక్ష ఎందుకు కష్టమో తెలియాలంటే ముందు ఆ ఊరి నేల సంగతి తెలియాలి. అక్కడి కొండలు ఖొండలైటు అనే శిలతో ఏర్పడినవి. ఖొండు జాతివారి పేరు మీద భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి ఆ పేరు పెట్టారు. ఆ రాయి ఎండకు వానకు శిథిలమై ఎర్రమట్టి అవుతుంది. ఆ మట్టిలో ఇనుము, అల్యూమినియం సహజంగానే సమృద్ధి. ఉత్తరాన ఉన్న విజయనగరం ప్రాంతంలో మాంగనీసు ఖనిజం దొరుకుతుంది. భారతదేశంలో మాంగనీసు గనుల త్రవ్వకం మొదలైనదే ఆనాటి విశాఖపట్టణం జిల్లాలో, 1892లో. ఇక సముద్రతీరపు ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్టు, మోనజైటు కలిసి ఉన్నాయి. మోనజైటులో థోరియం ఉంటుంది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూగర్భ శాస్త్ర శాఖను పెంపొందించిన ఆచార్య సి. మహాదేవన్ 1940లలో ఈ ఇసుకలను పరిశీలించారు. కనుక విశాఖ మట్టిలో ఒక లోహం కనిపించినంత మాత్రాన దానిని ఏ చిమ్నీయో తెచ్చి పోసినదని అనుకోకూడదు. కొంత కొండ ఇచ్చినది, కొంత కడలి ఇచ్చినది.

ఇది చాలదన్నట్లు, రేవు కోసం ఆ నేలను మనుష్యులు తలక్రిందులు చేశారు. మేఘాద్రిగెడ్డ వచ్చి సముద్రంలో కలిసే చోట పూర్వం ఒక పెద్ద చిత్తడి ఉండేది. డాల్ఫిన్ నోస్ కొండ అండన ముఖద్వారం ఏర్పరచి, జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్ట కట్టి, త్రవ్వోడలతో ఆ చిత్తడిని తవ్వి లోపలి రేవును నిర్మించారు. మధ్యపరగణాల మాంగనీసును ఎగుమతి చేయడం ఆ రేవు ముఖ్య ప్రయోజనాలలో ఒకటి. ‘జలదుర్గ’ అనే ఓడ 1933 అక్టోబరు 7వ తేదీన అందులో ప్రవేశించినది. ఆ డిసెంబరులో రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు దానికి ప్రారంభోత్సవం చేశాడు. త్రవ్వి తీసిన బురదతో, ఇసుకతో పల్లపు భూములను మెరక చేశారు. అంటే రేవు పరిసరాలలో కాలి క్రింద ఉన్న మట్టి ఆ చోట పుట్టినది కాకపోవచ్చు. సముద్రపు అడుగున ఉన్నది గట్టు మీదికి వచ్చినది. పరీక్షకునికి ఇది పెద్ద చిక్కు.

ఆ తరువాత కర్మాగారాలు ఒకదాని వెంట ఒకటిగా వచ్చాయి. 1957లో కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం, 1961లో గోపాలపట్నం వైపున హిందుస్థాన్ పాలిమర్స్, 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారం, 1977లో జింకు కర్మాగారం. చివరకు ప్రజలు ఉద్యమించి ప్రాణాలొడ్డి సాధించుకొన్న ఉక్కు కర్మాగారం. దానికి శంకుస్థాపన 1971 జనవరి 20న జరిగినది. ‘గోదావరి’ అనే మొదటి బ్లాస్టు ఫర్నేసు 1990లో వెలిగినది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు. ఊరు చుట్టూ కొండలుండి మధ్య ప్రదేశం గిన్నె వలె ఉండడం వల్ల పొగ, ధూళి త్వరగా చెదరిపోవు. గాలిలో తేలినది ఏనాటికైనా నేల మీద వాలవలసినదే.

ఈ కర్మాగారాలు ఒక్కొక్కటి మట్టికి ఒక్కొక్క ప్రశ్న వేస్తాయి. చమురు శుద్ధి అయ్యే చోట నూనెలను, బెంజీను జాతి పదార్థాలను వెదకాలి. ఎరువుల కర్మాగారంలో రాతి ఫాస్ఫేటును గంధకికామ్లంతో కలిపినప్పుడు ఫాస్ఫారికామ్లంతో పాటు జిప్సం కుప్పలు కుప్పలుగా మిగులుతుంది. రాతి ఫాస్ఫేటులో సహజంగా ఫ్లోరిను, కొద్దిగా కాడ్మియం, యురేనియం ఉంటాయి కనుక ఆ కుప్పల క్రింది నేలలో వాటిని వెదకాలి. జింకు సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. జింకు ఖనిజం గంధకంతో కలిసి ఉంటుంది. దానిని కాల్చితే గంధకం వాయువుగా పోతుంది. ఆ వాయువు నుండి గంధకికామ్లం తయారు చేస్తారు. మిగిలిన బూడిదను ఆమ్లంలో కరిగించి, శుద్ధి చేసి, విద్యుత్తు పంపి జింకును రాబడతారు. అయితే ప్రకృతిలో జింకు ఒంటరిగా ఉండదు. సీసం దానికి ఇరుగుపొరుగు. కాడ్మియం దాని నీడ. భూమి పైపొర రాళ్ళలో సగటున కిలోకు 70 మిల్లీగ్రాముల జింకు, 15 మిల్లీగ్రాముల సీసం ఉంటే, కాడ్మియం ఒక మిల్లీగ్రాములో అయిదవ వంతు కూడా ఉండదు. అంత స్వల్పమైనది కాబట్టే అది రెట్టింపయినా, పది రెట్లయినా కంటికి ఆనదు.

కాడ్మియంకు భయపడవలసిన కారణం ప్రపంచానికి జపాను నేర్పినది. అక్కడి తొయామా ప్రాంతానికి ఎగువన ఉన్న కమియొకా గని నుండి జింకు, సీసం త్రవ్వేవారు. గని వ్యర్థాలు జింజూ నదిలో కలిసి, ఆ నీరు పారిన వరిచేలలో కాడ్మియం పేరుకొన్నది. ఆ బియ్యం తిన్న వారిలో, ముఖ్యంగా నడివయస్సు దాటిన స్త్రీలలో, ఎముకలు గుల్లబారి, కదిలితే విరిగేవి. ఆ జబ్బుకు ‘ఇతాయి ఇతాయి’ అని పేరు వచ్చినది; నొప్పి నొప్పి అని దానికి అర్థం. 1968లో జపాను ప్రభుత్వం దానిని కాలుష్యం వల్ల వచ్చిన వ్యాధిగా అంగీకరించినది. 1970లో వ్యవసాయ భూముల మట్టి కాలుష్యాన్ని నివారించే చట్టం చేసినది. ఆ చట్టం క్రింద పొలాన్ని కలుషితమని తేల్చడానికి మొదట చూచినది మట్టిని కాదు, బియ్యాన్ని. కిలో బియ్యంలో ఒక మిల్లీగ్రాము కాడ్మియం ఉంటే ఆ పొలం కలుషితమైనట్లేనని అప్పటి లెక్క. మట్టిలో ఎంత ఉన్నదనే దాని కంటె గింజలోనికి ఎంత ఎక్కినదనేది వారికి ముఖ్యమైనది. జింజూ లోయలో 860 హెక్టారులకు పైగా పొలాలకు పైమట్టి మార్చి బాగుచేసే పని 1979లో మొదలై 2012లో ముగిసినది. విశాఖలో జింకు కర్మాగారం మూతబడినది కూడా 2012లోనే. అక్కడ శుభ్రం చేయడం ముగిసిన ఏడాదికి ఇక్కడ తయారీ మాత్రం ముగిసినది.

ఇటువంటి స్వల్ప పరిమాణాలను కొలవగల సాధనాలు ఎప్పుడు వచ్చాయి? ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో స్థాపితమైనది. అక్కడి రసాయన శాస్త్రజ్ఞులలో ఆచార్య జి. గోపాలరావు పేరు విశ్లేషణ రసాయన శాస్త్రంలో దేశదేశాలకు తెలిసినది. ఆయన తొలి పరిశోధనలలో ఒకటి మట్టిని గురించినదే కావడం విశేషం. అలహాబాదులో నీలరతన్ ధర్‌తో కలిసి, సూర్యరశ్మి వల్ల మట్టిలోని అమ్మోనియా నైట్రేటుగా మారే తీరును గురించి 1931లో ఆయన వ్రాశారు. వాల్తేరులో ఆయన, ఆయన శిష్యులు సాధించినది టైట్రేషను విద్య. బ్యూరెట్టు నుండి ద్రావణాన్ని బొట్టుబొట్టుగా వదలుతూ, రంగు మారే క్షణాన్ని పట్టుకొని, ఎంత పదార్థం ఉన్నదో లెక్కకట్టడం ఆ విద్య సారం. ఖనిజంలో ఇనుము నూటికి ఎంత, వనేడియం నూటికి ఎంత అని తేల్చడానికి దాని కంటె నమ్మకమైనది అరుదు. అయితే పది లక్షల పాళ్ళలో ఒక పాలు ఉన్న కాడ్మియం దానికి చిక్కదు. సీసాన్ని స్వల్పంగా ఉన్నా పట్టగల డితిజోను అనే రంగు పదార్థం అప్పటికే వాడుకలో ఉన్నది కాని, మట్టి వంటి కలగాపులగపు పదార్థంలో ఇతర లోహాలన్నీ అడ్డు వస్తాయి. వాటినన్నిటినీ తొలగించుకొంటూ ఒక నమూనాను తేల్చడానికి ఎంతో ఓపిక కావలసి వచ్చేది.

1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ఈ కష్టాన్ని తీర్చే ఉపాయం ప్రకటించాడు. ద్రావణాన్ని మంటలోనికి చిమ్మితే లోహం విడివిడి పరమాణువులుగా మారుతుంది. సీసంతో చేసిన దీపపు వెలుతురును ఆ మంట గుండా పంపితే, మంటలో ఉన్న సీసపు పరమాణువులు మాత్రమే ఆ వెలుతురును మ్రింగుతాయి. ఎంత వెలుతురు తగ్గినదో అంత సీసం ఉన్నట్లు. కాడ్మియం కావాలంటే కాడ్మియం దీపం, రాగి కావాలంటే రాగి దీపం. ఈ పరమాణు శోషణ యంత్రం క్రమంగా మన విశ్వవిద్యాలయాలకూ, పరిశోధనాలయాలకూ వచ్చి మట్టి పరీక్షను మార్చివేసినది. దానిలో ఒక పరిమితి ఉన్నది. ఏ దీపం పెడితే ఆ లోహమే కనిపిస్తుంది. సీసం దీపం ముందు కూర్చున్నవానికి మట్టిలోని పాదరసం సంగతి తెలియదు. ఎక్స్ కిరణాలతో మట్టి బిళ్ళను వెలిగించి అనేక మూలకాలను ఒక్కసారిగా చూచే పద్ధతి దీనికి కొంత విరుగుడు. అయితే కాడ్మియం వంటి అతి స్వల్ప లోహాల వద్ద దాని చూపు మందగిస్తుంది. అందుచేత మంచి ప్రయోగశాలలో ఒకే మట్టి రెండు మూడు యంత్రాల ముందుకు పోతుంది.

యంత్రం ఎంత గొప్పదైనా, తప్పు సాధారణంగా యంత్రంలో జరగదు, సంచిలో జరుగుతుంది. జింకు కోసం వెదికే మట్టిని గాల్వనైజు చేసిన బకెట్టులో ఎత్తితే ఆ బకెట్టు పూతే ఫలితంగా వస్తుంది. ఇత్తడి జల్లెడలో జల్లిస్తే రాగి, జింకు రెండూ కలుస్తాయి. కనుక ప్లాస్టిక్కు గరిటె, నైలాను జల్లెడ, అగేటు కల్వం వాడుతారు. మట్టిని నీడలో ఆరబెట్టి, గడ్డలు చిదిపి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, కుప్పగా పోసి చదును చేసి నాలుగు భాగాలు చేస్తారు; ఎదురెదురు భాగాలు రెండింటిని తీసివేసి మిగిలిన వాటిని మళ్ళీ కలుపుతారు. ఇట్లా చేయగా చేయగా కిలోల మట్టి కొన్ని గ్రాములవుతుంది, ఆ కొన్ని గ్రాములూ మొత్తానికి ప్రతినిధిగా నిలుస్తాయి. తరువాత నత్రికామ్లం, ఉదజహరికామ్లం కలిపిన ద్రావణంలో మరిగిస్తారు. బంగారాన్ని కరిగించే ద్రావకం ఇదే. ప్రతి విడతలోనూ మట్టి లేని ఖాళీ పాత్ర ఒకటి, లోహం ఎంతో ముందే తెలిసిన ప్రమాణ మట్టి ఒకటి కూడా అదే దారిన పోతాయి. ఖాళీ పాత్రలో సీసం కనిపిస్తే తప్పు ప్రయోగశాలది. ప్రమాణ మట్టిలో ఉన్నదానికి తక్కువ వస్తే మరిగించడం చాలలేదన్నమాట.

అంతా సరిగా జరిగి ఒక అంకె వచ్చినదని అనుకొందాం. కిలో మట్టిలో ఇన్ని మిల్లీగ్రాముల సీసం. ఈ అంకె ఎక్కువా, తక్కువా? దేనితో పోల్చాలి? విశాఖ కథలో అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. పోల్చవలసినది కర్మాగారం రాకముందు ఆ చోట ఉన్న మట్టితో. కర్మాగారాలు లేచినప్పుడు పునాదులు ఎంత బరువు మోస్తాయో చూడడానికి మట్టిని పరీక్షించారు. ప్రహరీ అవతల ఉన్న చేనులో, చెరువు గట్టున, బడి ఆవరణలో సీసం ఎంత, కాడ్మియం ఎంత అని చూడవలెనని ఆనాటి ఏ చట్టమూ అడగలేదు. 1957లో గుప్పెడు మట్టిని సీసాలో పోసి, చీటీ అంటించి, బీరువాలో దాచి ఉంటే ఈనాడు దాని వెల కట్టలేము.

లేని సాక్ష్యాన్ని రాబట్టడానికి శాస్త్రజ్ఞులు మూడు దారులు తొక్కుతారు. ఒకటి, అదే ఖొండలైటు నుండి పుట్టిన మట్టి గాలివాటుకు ఎడంగా, కర్మాగారాలకు దూరంగా ఎక్కడ ఉన్నదో వెదకి, దానితో పోల్చడం. రెండు, ఒకే గోతిలో లోతు లోతుకు నమూనా తీయడం. సీసం మట్టిని గట్టిగా అంటుకొని పై కొద్ది అంగుళాలలోనే నిలిచిపోతుంది. పైన ఎక్కువగా, అడుగున తక్కువగా ఉంటే పైనుండి వచ్చినదని అనుమానించవచ్చు. కొండ ఇచ్చినదైతే అడుగున కూడా ఉంటుంది. ఎర్రమట్టిలోని ఇనుప ఆక్సైడు లోహాలను పట్టి ఉంచుతుంది కాని, ఆమ్లం తగిలిన చోట ఆ పట్టు సడలి కాడ్మియం, జింకు క్రిందికి జారుతాయి. కనుక పుల్లబారిన నేలలో ఈ దారి మోసం చేయవచ్చు. రేవు దగ్గర మెరక చేసిన నేలలో అసలే పనికిరాదు, అక్కడ పొరలే తారుమారయ్యాయి. మూడవది లెక్కల దారి. అల్యూమినియం, టైటానియం వంటివి రాతి నుండే తప్ప కర్మాగారం నుండి అంతగా రావు. వాటితో పోల్చినప్పుడు సీసపు నిష్పత్తి సహజమైన రాతిలో కంటె ఎన్ని రెట్లున్నదో చూస్తారు. తీరపు ఇసుకలో ఇల్మనైటు ఉన్నది, అది టైటానియపు ఖనిజం. కాబట్టి విశాఖ తీరాన టైటానియాన్ని కొలబద్దగా తీసుకొన్నవాడు చిక్కులో పడతాడు. స్థలం తెలియనివానికి సూత్రం ఎంత తెలిసినా ప్రయోజనం తక్కువ.

తెలుగునాట ఇటువంటి పరిశీలనకు బాగా తెలిసిన ఉదాహరణ హైదరాబాదు ప్రక్కన ఉన్న పటాన్‌చెరువు. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు గోవిల్, ఆయన సహచరులు అక్కడి పారిశ్రామికవాడ మట్టిని ఎక్స్ కిరణాల పద్ధతిలో పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించారు. క్రోమియం, ఆర్సెనిక్, జింకు, రాగి వంటివి సహజ స్థాయికి మించి ఉన్నాయని వారు చూపారు. కర్మాగారాలు వచ్చిన పాతికేళ్ళకు జరిగిన పరీక్ష అది. అక్కడ కూడా తొలినాటి మట్టి ఎవరి వద్దా లేదు.

విశాఖలో 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున జరిగినది ఈ కథకు మరొక మలుపు. 1961నాటి హిందుస్థాన్ పాలిమర్స్ చేతులు మారి 1997 నుండి ఎల్.జి. పాలిమర్స్ అయినది. అక్కడ తొట్టిలో నిలవ ఉన్న స్టైరీను వేడెక్కి ఆవిరిగా బయటపడి, ఆర్.ఆర్. వెంకటాపురం, చుట్టుప్రక్కల ఊళ్ళ మీద పరచుకొన్నది. పన్నెండుమంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలైనారు. జాతీయ హరిత న్యాయస్థానం తనంతట తాను విచారణకు తీసుకొని, మరునాడే ఆ సంస్థను 50 కోట్ల రూపాయలు జమ చేయవలసినదిగా ఆదేశించినది. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధనా సంస్థ నిపుణులు వచ్చారు. పెరటిలో కాసిన కూరగాయలు తినవచ్చునా, పశువులకు గడ్డి వేయవచ్చునా, నేలను తాకవచ్చునా అని ఊరివారి ప్రశ్నలు.

సీసానికి పనికి వచ్చిన విధానమంతా ఇక్కడ తలక్రిందులవుతుంది. మట్టిని నీడలో ఆరబెట్టుట అనే మొదటి మెట్టులోనే స్టైరీను ఆవిరై పోతుంది. ఆ మట్టిని పరీక్షించి ‘స్టైరీను లేదు’ అని వ్రాస్తే అది మట్టిని గురించిన వార్త కాదు, ఆరబెట్టడాన్ని గురించిన వార్త. దీనికి మట్టిని తీసిన మరుక్షణమే చిన్న గాజుసీసాలో నింపి, గాలి చొరకుండ మూత బిగించి, మంచుపెట్టెలో పెట్టి తీసుకొని పోవాలి. ప్రయోగశాలలో ఆ సీసాను కొద్దిగా వేడిచేసి, మట్టి పైన చేరిన ఆవిరిని సూదితో లాగి, వాయు క్రొమటోగ్రఫీ యంత్రంలోనికి ఎక్కిస్తారు. జేమ్స్, మార్టిన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 1952లో ప్రకటించిన ఈ పద్ధతిలో, పొడుగాటి గొట్టం గుండా పోతూ ఒక్కొక్క ఆవిరి ఒక్కొక్క వేళకు బయటపడుతుంది. ఆ వేళను బట్టి దానిని గుర్తిస్తారు. స్టైరీను కొంత గాలిలోనికి లేచిపోతుంది, కొంత మట్టిలోని సూక్ష్మజీవులు తినివేస్తాయి. కాబట్టి ఎన్నవనాడు మట్టి తీశారు అనేది ఎంత లోతున తీశారు అనే దానితో సమానమైన ప్రశ్న. సీసం ఆ విధంగా కాదు, తరతరాలు కదలకుండా కూర్చుంటుంది. ఒకటి పారిపోయే దొంగ, మరొకటి ఇంటిలోనే మకాం వేసిన దొంగ. ఇద్దరినీ ఒకే వలతో పట్టలేరు.

ఇక చట్టం మాట. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చినది. దానిని అనుసరించి ఆంధ్రప్రదేశ్ కాలుష్య మండలి 1976 జనవరిలో ఏర్పడినది. గాలికి 1981లో చట్టం వచ్చినది. భోపాలు దుర్ఘటన తరువాత 1986లో పర్యావరణ రక్షణ చట్టం, 1989లో ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. కర్మాగారం నుండి వెలువడే నీటికి, పొగకు హద్దులు అంకెలతో సహా ఏర్పడ్డాయి. ఆ నీరు ఇంకిన, ఆ పొగ వాలిన మట్టికి మాత్రం తనదంటూ ఒక హద్దు లేకపోయినది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు గాలి, నీరు, నేల మూడింటినీ కలిపి మార్కులు వేసినప్పుడు విశాఖపట్టణానికి 70.82 వచ్చి, అది తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాలో చేరినది. పటాన్‌చెరువు–బొల్లారానికి 70.07. ఇటువంటి పరీక్షలో ఎక్కువ మార్కులు రావడం ఎవరూ కోరుకొనేది కాదు. కొంత కాలం అక్కడ కొత్త పరిశ్రమలను అనుమతించడం ఆపివేశారు.

మట్టి కోసమే ప్రత్యేకంగా నిబంధనలు రావడానికి 2025 జూలై వరకు ఆగవలసి వచ్చినది. కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు అనే వీటి ప్రకారం, అనుమానం ఉన్న స్థలాలను గురించి జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి తెలుపాలి. రాష్ట్ర కాలుష్య మండలి 90 రోజులలో ప్రాథమిక పరీక్ష, అవసరమైతే మరి 90 రోజులలో సమగ్ర పరీక్ష జరిపించాలి. కలుషితమని తేలితే అందుకు కారకులైనవారే బాగుచేసే ఖర్చు భరించాలి. 189 రసాయనాలు వాటి పట్టికలో ఉన్నాయి. చేనుకు, ఇంటి స్థలానికి, కర్మాగారానికి హద్దులు వేరువేరు. ఒకే మట్టి కర్మాగారం ఆవరణలో ఫరవాలేదనిపించుకొని, అక్కడ ఇళ్ళు కట్టదలచినప్పుడు పనికిరానిది కావచ్చు.

మూతబడిన కర్మాగారపు నేల ఏదో ఒకనాడు మరొక పనికి వస్తుంది. ఊరు పెరిగి గాజువాక దాకా ఇళ్ళు క్రిక్కిరిసి ఉన్న విశాఖలో అటువంటి నేలకు గిరాకీ తక్కువ కాదు. అక్కడికి పోయే పరీక్షకుని చేతిలో ఈసారి 189 పేర్ల పట్టిక ఉంటుంది. పరమాణు శోషణ దీపాలు, ఆవిరి సీసాలు కూడా ఉంటాయి. 1957నాటి సీసా మాత్రం ఉండదు. దాని బదులు అతడు గోతిని మరికొంత లోతుకు త్రవ్వించి, ఎర్రమట్టి పోయి ఖొండలైటు శిథిలం కనిపించే దాకా దిగి, అడుగు మట్టిని ఒక సంచిలోనూ, పై మట్టిని వేరొక సంచిలోనూ కట్టి, రెంటి మీద స్థలం, లోతు, తేదీ వ్రాయించవలసి ఉంటుంది.